పైదే

“ఆ నలభై రెండో నోటు తీసెయ్యండి. తీసేదాకా ఈ కుర్చీలోంచి లేవను,” అంది వాచ్‌మన్ కూతురు.

ఆమె వచ్చింది పుస్తకంలో వెయ్యడానికి, చనిపోయిన తండ్రి ఫొటో ఇద్దామని. డీటీపీ ఆపరేటరు ఆ ఫొటోను స్కానర్‌లో పెడుతుండగా, తెర మీదున్న పేజీ ఆమె కంటపడింది.

పుస్తకం రాసినాయన పక్క కుర్చీలోనే ఉన్నాడు, ఎర్ర పెన్నుతో ప్రూఫులు దిద్దుతూ. నూలు మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్ళ కిందట అదే మిల్లు తగలబడిన వైనం రాసి, సొంతంగా అచ్చు వేయించుకుంటున్నాడు. అయిదింటికల్లా ఫైలు ప్రెస్సుకి చేరాలి. నాలుగు దాటింది.

“తియ్యడానికి అందులో ఏముందమ్మా? ఒక్క మాటేగా,” అన్నాడు సూపర్‌వైజరు తలెత్తకుండా.

“ఆ ఒక్క మాటే మా కొంప ముంచుతోంది బాబాయ్.”

పుస్తకం చివర్న నోట్లున్నాయి, ఏ సంగతి ఎవరు చెప్పారో తెలిపేవి. నలభై ఒకటి: ‘మిల్లు వాచ్‌మన్, ఆస్పత్రిలో రచయితతో.’ పొగ ముందు ఏ వైపు నుంచి లేచిందో చెప్పే వాక్యానికి అది ఆధారం. దాంతో పేచీ లేదు. దాని కిందే నలభై రెండు: ‘పైదే.’ అంటే పై నోటులో ఉన్నదే, ఇదీ వాచ్‌మన్ చెప్పిందేనని. నలభై రెండో అంకె వేసిన వాక్యం మాత్రం మామూలుది కాదు.

‘వెనక తలుపుకి తాళం పడి ఉండటం వల్లే పదకొండు మంది లోపలే మాడిపోయారు. ఆ తాళం తానే వేశానని, వేసినవాడే ఒప్పుకున్నాడు.’

“నాన్న అలా ఒప్పుకుంటే విన్నదెవరు?” అంది ఆమె.

“నేను.”

“ఇంకెవరు?”

“గదిలో ఇద్దరమే ఉన్నాం.”

“ఆ ఇద్దర్లో ఒకరు పోయారు. కాదని చెప్పడానికి లేచొస్తారా?”

సూపర్‌వైజరు పెన్ను మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“అక్కా, ఒక్క మీట నొక్కితే పోతుంది కదా?” ఆమె ఆపరేటరు వైపు తిరిగింది.

“పోతుందమ్మా. పేజీలో ఆ అంకె చెరిపితే చాలు, వెనకున్న నోటు దానంతటదే మాయమవుతుంది. కానీ సార్ చెప్పాలి. పుస్తకం ఆయనది, వేళ్ళు మాత్రమే నావి.”

“చదువుకునే మనవలున్నారు బాబాయ్. రేపు బళ్ళో ఎవడో ‘మీ తాత పదకొండు మందిని చంపాడు’ అంటే, వాళ్ళేం చెప్పాలి?”

సూపర్‌వైజరు ప్రూఫుల కట్ట పక్కకి జరిపాడు.

“నోటు తియ్యలేను. దానికి ముందు రెండు వాక్యాలు చేరుస్తాను. టైపు చెయ్యమ్మా... ‘వాచ్‌మన్ మంటల్లోకి పరిగెత్తి ఏడుగురిని మోసుకొచ్చాడు. ఆ ఏడుగురిలో నేనొకణ్ణి.’”

వాచ్‌మన్ కూతురు ఉలిక్కిపడింది. “మిమ్మల్నీ నాన్నే తెచ్చారా? ఎప్పుడూ చెప్పలేదే!”

“చెప్పుకునే మనిషా వాడు?”

“దీనికి నోటేం వెయ్యమంటారు సార్?” అంది ఆపరేటరు.

“‘రచయిత స్వయంగా చెప్పినది’ అని వెయ్యి.”

ఆపరేటరు వేళ్ళు చకచకా కదిలాయి. పొగ గురించిన వాక్యానికీ తాళం గురించిన వాక్యానికీ మధ్య కొత్త వాక్యాలు కూర్చున్నాయి. వాటి పక్కన నలభై రెండు వెలిసింది. పాత నలభై రెండు తనంతట తానే నలభై మూడయింది.

వాచ్‌మన్ కూతురు తెర మీది ఆ రెండు ముక్కలనూ పెదవులు కదుపుతూ మూడుసార్లు చదివింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తండ్రి ఫొటోను సంచిలో పెట్టుకుని లేచింది.

“చాలు బాబాయ్. నాన్న పేరు పక్కన ఇన్నాళ్ళకి ఒక మంచి మాట పడింది. ఆ నోటు ఉంటే ఉండనివ్వండి. మీరు అబద్ధం రాయరు. నాన్నే మీతో అని ఉంటారు, కూతుర్ని కదా, నాకు మింగుడుపడలేదు.” చేతులు జోడించింది. “ఇందాక నోరు జారాను. మనసులో పెట్టుకోకండి.”

సూపర్‌వైజరు ఆ చేతుల వైపు చూడలేకపోయాడు.

ఆపరేటరు చివరి పేజీలు ప్రింటు తీసి ఆయన ముందు పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోబోయి, ఆగిపోయింది.

“అయ్యో సార్! పెద్ద పొరపాటు చేశాను. అంకెలు వాటంతటవే జరుగుతాయి గానీ మాటలు జరగవుగా. ఇటు చూడండి.” వేలు పెట్టి చూపించింది.

41. మిల్లు వాచ్‌మన్, ఆస్పత్రిలో రచయితతో.
42. రచయిత స్వయంగా చెప్పినది.
43. పైదే.

“ఈ ‘పైదే’ ఇందాకటిదాకా వాచ్‌మన్ కింద ఉంది. ఇప్పుడు మీ కిందకొచ్చింది. ఇలాగే అచ్చయితే, తాళం వేసింది మీరేనని మీరే ఒప్పుకున్నట్టుంటుంది! ఒక్క నిమిషం, ‘పైదే’ తీసి వాచ్‌మన్ అని కొట్టేస్తాను.” మౌస్ అందుకుంది.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న వాచ్‌మన్ కూతురు వెనక్కి తిరిగింది.

సూపర్‌వైజరు మౌస్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముట్టుకోకమ్మా. ఇప్పుడే సరిగ్గా ఉంది.”