నిశ్చింతవారి మొదటి కస్టమరు

“ముందు ఇది చెప్పండి. మీరెప్పుడు పారిపోతారు?”

విజయ్ కుమార్ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. ఏలూరులో ‘నిశ్చింత అప్పుల సెటిల్‌మెంట్’ అని బోర్డు కట్టి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో ఆ గుమ్మం తొక్కింది ఇంటి ఓనరూ, కరెంటు బిల్లు కుర్రాడూ, దారి తప్పిన ఓ మేకా. ముగ్గురిలో డబ్బు అడగనిది మేక ఒక్కటే. తీరా ఇవాళ మొదటి కస్టమరు వస్తే, రావడం రావడం ఈ ప్రశ్న!

“ముందు కూర్చోండమ్మా.”

“కూర్చోబెట్టినవాళ్ళందరూ ముంచాలని చూశారండీ. నించునే వింటాను.”

ఆవిడ పేరు సువర్ణ. కొల్లేటి లంకల్లో ఊరు. కిందటేడు ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు ఆవిడ చెరువూ పోయిందట. ముదినేపల్లి కనకరత్నంగారికి ప్రోనోటు మీద బాకీ మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. అసలూ వడ్డీ కలిపి లక్షా ఇరవై వేలు.

“మీకన్నా ముందు మూడు కంపెనీలు చూశానండీ,” అంది సువర్ణ. “స్టేషను రోడ్డులో ఒకాయన పదివేలు ముందు కట్టమన్నాడు. పదివేలుంటే నీ మొహం చూడ్డానికి ఎందుకొస్తాను నాయనా అన్నాను. రెండో ఆయన గోడనిండా మంత్రులతో దిగిన ఫొటోలే. అన్నిట్లోనూ మంత్రి అటు తిరిగి ఉన్నాడు. తాడేపల్లిగూడెంలో ఆయనైతే మరీ గొప్ప. అద్దె కట్టలేదని ఓనరు బయట తాళం వేసేస్తే, కిటికీ ఊచల్లోంచి నా అప్పు తీరుస్తానన్నాడు!”

విజయ్ కుమార్ పగలబడి నవ్వాడు. ఆ జాతంటే అతనికీ అసహ్యమే. దొంగ ఎవడో, దొర ఎవడో నడక చూసి చెప్పేస్తానని అతని ధీమా. ఆ ధీమాతోనే భార్య ప్రసన్నకుమారి గొలుసూ గాజులూ బ్యాంకులో కుదువపెట్టి లక్ష తెచ్చాడు. “నెలాఖరుకి ఒక్క కేసైనా తెగకపోతే ఆ బోర్డు పొయ్యిలో పెట్టేస్తానండీ,” అని ఆవిడ పొద్దున్నే చెప్పింది. బోర్డు రేకుదే. అయినా ఆవిడ తలుచుకుంటే భగ్గున మండుతుంది.

“మా పద్ధతి వేరమ్మా. అప్పిచ్చినాయన్ని ఇక్కడికే పిలిచి, బేరమాడి, ఆ డబ్బు ముందు మేమే కట్టేస్తాం. మీరు పది వాయిదాల్లో మాకు కట్టుకోవచ్చు. నూటికి పది మా ఫీజు.”

“మీరెందుకు కడతారండీ? మీకేమన్నా పిచ్చా?”

“నమ్మకమమ్మా.”

“నమ్మకమన్నవాడి దగ్గరే రెండు జేబులూ పట్టుకోవాలండీ. కట్టేది చెక్కా, నగదా?”

“నగదే.”

“ప్రోనోటు?”

“మీ కళ్ళముందే చింపిస్తాం.”

“చింపినాక ఆయన మళ్ళీ మా గుమ్మంలో కూర్చుంటే?”

“చెల్లుచీటీ రాయించి ఇస్తాం.”

గంటన్నరసేపు పిండేసింది. విజయ్ కుమార్ చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. మనసు మాత్రం గాల్లో తేలింది. ఎగ్గొట్టే మనిషైతే ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం గీకేసి పోతుంది, ఇన్ని అడిగిందంటే పైసాతో సహా తీర్చే మనిషే అని తేల్చేసుకున్నాడు. పూచీదారు ఊసే ఎత్తలేదు.

మర్నాడు కనకరత్నం వచ్చాడు. ముందు గొంతు మెట్లెక్కింది, తర్వాత మనిషి.

“ఏవమ్మోయ్! బాకీ తీర్చమంటే మధ్యవర్తిని పెడతావా? సిగ్గుండక్కర్లా?”

“నూటికి ఐదు వడ్డీ లాగే మీకు లేని సిగ్గు నాకెందుకండీ? మీకన్నా కొల్లేటి జలగ నయం. కడుపు నిండితే ఊడిపడుతుంది.”

“చూశారా మేష్టారూ దీని నోరు! ఒక్క రూపాయి తగ్గను!”

విజయ్ కుమార్ ఇద్దరి మధ్యా చేతులు జోడించి నిలబడ్డాడు. లక్షా ఇరవై తొంభైకి దిగింది. తొంభై ఎనభైకి దిగింది. కనకరత్నం రెండుసార్లు విసురుగా మెట్లు దిగిపోయాడు. రెండుసార్లూ విజయ్ కుమారే వెళ్ళి గడ్డం పుచ్చుకుని తీసుకొచ్చాడు. చివరికి డెబ్భై దగ్గర తెగింది.

కనకరత్నం బొటనవేలు తడుపుకుంటూ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు. చెల్లుచీటీ రాశాడు. ప్రోనోటు ఎనిమిది ముక్కలు చేసి బల్లమీద పడేసి, సువర్ణ వైపు చూడనన్నా చూడకుండా పోయాడు. ఆవిడ డెబ్భై ఏడు వేలకి నిశ్చింతవారి పేర కొత్త నోటు రాసి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

“ఇన్ని కంపెనీలు తిరిగానండీ. మీలాంటి మనిషి ఇంకెక్కడా లేడు.”

ఆవిడ వెళ్ళిన పది నిమిషాలకిగానీ విజయ్ కుమార్ చూసుకోలేదు. వాయిదాల పుస్తకం బల్లమీదే మర్చిపోయింది. అది పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాడు. కైకలూరు బస్సు కదలబోతోంది. మూడో సీటులో కిటికీ పక్కన సువర్ణ. ఆ పక్కనే, ఆవిడ మీదికి వంగి ఏదో చెబుతూ కనకరత్నం!

విజయ్ కుమార్ ఒళ్ళు మండిపోయింది. డబ్బు ముట్టినా ఆ మనిషిని వదలడా! మెట్టుమీద వేలాడుతున్న కండక్టరు చేతిలో పుస్తకం కుక్కాడు.

“కాస్త ఆ పచ్చచీర ఆవిడకివ్వండి. పక్కనాయన కంటపడనివ్వకండి. ఆవిణ్ణి పీక్కుతింటున్న అప్పులాయనండీ!”

రోజూ ఆ రూటులోనే తిరిగే కండక్టరు విజిలేసి, కదిలిన బస్సులోంచి వింతగా చూశాడు.

“ఆయన ఆవిడ మొగుడండీ!”