గొంతు భద్రం

చలి మొదలైందంటే చాలు, ఆ ఇంట్లో గొంతుకి పథ్యం మొదలవుతుంది. గొంతు ఇంటాయనది. పథ్యం మాత్రం ఇంటిల్లిపాదికీ.

ఇల్లాలు పొద్దున్నే లేచి పొయ్యి మీద నీళ్ళు పడేస్తుంది. ఒక గిన్నె తాగడానికి, ఒకటి ఉప్పేసి పుక్కిలించడానికి, ఇంకోటి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడానికి. ఫ్రిజ్జు తలుపుకి తాడు కట్టేసింది. ఎవరొచ్చినా గుమ్మంలోనే సబ్బూ చెంబూ. ఆఖరికి పాలాయన కూడా చేతులు కడుక్కుని మరీ పాలు పొయ్యాలి.

ఇంటాయన మెళ్ళో మఫ్లరు ఎప్పుడూ ఉండాల్సిందే.

"స్నానానికెళ్ళినా ఇది తియ్యనివ్వడం లేదమ్మా నీ కోడలు," అని తల్లి దగ్గర మొరపెట్టుకున్నాడాయన.

"తియ్యకు మరి. దాన్నీ ఉతికినట్టుంటుంది," అంది ముసలావిడ.

ఊరికేనా ఇంత హడావిడి? బుధవారం రికార్డింగు. చలికాలమంతా రేడియోలోనూ టీవీలోనూ మోగేది ఆయన గొంతే. మొహం ఎవరికీ తెలియదు గానీ, గొంతు వింటే పసిపిల్లలు కూడా గుర్తుపట్టేస్తారు. అలాంటిది, పోయిన చలికాలం సరిగ్గా ఆ వేళకే జలుబు చేసి కూర్చుంది. ఇక గొంతు ఆయన మాట వింటేనా? అడిగిన చోట రాలేదు, అడగని చోట వచ్చింది. స్టూడియోవాళ్ళు మొహమాటానికి సర్దుకున్నారు. ఈసారీ ఇలాగే అయితే మాత్రం వేరే ఆయన్ని పిలుచుకుంటామని చెప్పేశారు. ఆ వేరే ఆయన ఎవరో కూడా చెప్పారు. అప్పట్నించీ ఇంటాయనకి అన్నం సయించడం లేదు. ఆయనకి ఇంకో పని చేతకాదు మరి.

పైవాటాలోకి కొత్తగా దిగిన పంతులమ్మకి ఈ సంగతి తెలిసింది.

"ఒక్కసారి వినాలని ఉందండీ. ఇంట్లో చేస్తే మెట్ల మీద కూర్చుని వింటాను," అంది.

"ఇంట్లో వద్దండీ. మామగారు గుర్తొచ్చి అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు," అంది ఇల్లాలు.

"అది వాళ్ళ నాన్న గొంతేనమ్మా," అంది ముసలావిడ, చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని. "చలికాలం వచ్చిందంటే ఆయనకి పట్టపగ్గాలుండేవా? ఎత్తుకున్నారంటే వీధి చివరిదాకా వినపడేది. పాపం, జీవితమంతా ఊరికే చేశారు, ఒక్కళ్ళు పిలిచి శాలువా కప్పలేదు. వీడు చిన్నప్పుడు మంచం పక్కన కూర్చుని అచ్చం అలాగే చేసేవాడు. అప్పుడు తిట్టాను గానీ, అదే కూడు పెట్టింది."

పంతులమ్మ చేతులు జోడించింది.

అంతా సవ్యంగా సాగుతుందనుకుంటే, మంగళవారం మధ్యాహ్నం ఇల్లాలి తమ్ముడు దిగాడు. గుమ్మంలోంచే "అగ్గా" అన్నాడు. 'అక్కా' అనే అన్నాడు పాపం. ముక్కు అలా పలికింది.

"అక్కడే ఆగు," అంది ఇల్లాలు.

"చూసిపోదామని వస్తే వాకిట్లో నిలబెడతావేంటే? నేను నీ తమ్ముణ్ణా, అంటురోగాన్నా?"

"రెండూను. ముందు ముక్కు తుడుచుకో."

వరండాలో కుర్చీ వేసింది. కిటికీలోంచి దుప్పటి, వేడి సూపు అందించింది.

"పరాయివాడిలా బయట పడేశావేమే, చలికి కొంకర్లు పోతాడు," అంది ముసలావిడ.

"రేపటిదాకా ఓపిక పట్టండత్తయ్యా. తర్వాత కావాలంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుందురు గాని."

ఇంటాయన మెతకమనిషి. బావమరిది ఒక్కడే అలా ముడుచుకుని కూర్చుంటే మనసు ఊరుకోలేదు. భార్య పెరట్లో ఉండగా చూసి మెల్లిగా వరండాలోకి వెళ్ళాడు.

"ఏరా, ఎలా ఉంది?"

సమాధానంగా తమ్ముడు ఆయన మొహం మీదే తుమ్మాడు.

ఇంకేముంది. ఇల్లాలు పరిగెత్తుకొచ్చి మొగుణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ ఉప్పునీళ్ళు. సాయంత్రానికి ఆయనకి ముక్కులో ఏదో పాకుతున్నట్టనిపించింది. పైకి చెప్పలేదు. చెబితే బతకనిస్తుందా?

"బావా, అంత బెంగైతే నా గొంతు పట్టుకెళ్ళు. బాగా పండి ఉంది," అన్నాడు తమ్ముడు కిటికీలోంచి.

"నీది పనికిరాదురా. దానంతటది వచ్చేదాన్ని విద్య అనరు. అడిగితే రావాలి, ఆపమంటే ఆగాలి."

తెల్లారింది. ఇల్లాలూ అత్తగారూ మంచానికి చెరోపక్కా నిలబడ్డారు. ఆయన లేచి కూర్చుని మింగి చూసుకున్నాడు. మెడ నిమురుకున్నాడు. గొంతు తేటగా ఉంది. గరగర అన్నమాటే లేదు.

"హమ్మయ్య," అంది ముసలావిడ, అక్కడే కూలబడి.

స్టూడియో బయట బెంచీ మీద ఆ వేరే ఆయన అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆయన మెడకీ మఫ్లరే. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. అవసరమైతే ఉంటారని పిలిపించామన్నాడు రికార్డిస్టు. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు గానీ పలకరించుకోలేదు.

"గొంతెలా ఉందండీ ఈసారి?" అన్నాడు రికార్డిస్టు, అద్దాల గది తలుపు తెరుస్తూ.

"మీరే చూద్దురు గాని."

"మొదట సన్నగా ఎత్తుకోండి. మెల్లిగా పెంచుకుంటూ పోయి, చివర్లో ఊపిరి అందనట్టు ఆపాలి. వింటున్నవాళ్ళకి గుండె జారిపోవాలి."

"నాకు తెలుసు కదండీ."

ఎర్రలైటు వెలగ్గానే ఆయన మఫ్లరు తీసి పక్కన పెట్టి, ఛాతీ పట్టుకుని మైకు మీదికి వంగి, దగ్గుమందు ప్రకటన కోసం ఖళ్ళు ఖళ్ళున ఎంత కమ్మగా దగ్గాడంటే, బెంచీ మీదాయన ఫ్లాస్కు మూత బిగించుకుని లేచి ఇంటిదారి పట్టాడు.