పత్రహరితం ముగ్గు

స్టీల్‌ప్లాంటు కడుతున్న రోజులు. దువ్వాడలో, చర్చికెళ్లే దీవెనమ్మ ఇంటిముందు ఎన్నడూ ముగ్గు పడలేదు. బీయస్సీ పరీక్షకు ముందురోజు ఆమె వాకిట్లో సుద్దతో, ఆకులకు పచ్చదనమిచ్చే పత్రహరితం నిర్మాణం గీసింది. ఉంగరాలన్నీ కలిసిన పెద్ద చట్రం, కిందికి పొడుగాటి తోక. నడుమ ఉండే లోహమేదో మాత్రం ఎంతకీ గుర్తురాలేదు.

పక్కింటి కాంతం వచ్చి చూసింది.

“ఇన్నాల్లకి ముగ్గెట్టినావు. మద్దిలో సుక్క మర్సిపోనావేటే?” అంటూ చుక్క పెట్టేసింది.

దీవెనమ్మకు మెగ్నీషియం గుర్తొచ్చింది. కాంతాన్ని వాటేసుకుంది.

పొద్దున్న ముగ్గును మరోసారి కళ్లారా చూసుకుని పరీక్షకు వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కాంతం గుమ్మంలోనే ఉంది.

“ఆ తోక బాగోలేదని రేత్రే తుడిసీసినాను. సూసినావా?”

దీవెనమ్మ తోకలేని ముగ్గుకేసి చూసింది.

“సూసినాను పిన్నీ. పరీచ్చలోనూ అలాగే గీసి వొచ్చీసినాను.”