నిమ్మకాయలు తొక్కిన కారు

నాన్నతో ఏడాదంతా పోట్లాడి, షోరూంలో అన్నిటికంటే వేగంగా పోయే ఎర్ర కారునే కొంది లోహిత. ఆ రోజుల్లో బీమా ఒక గొంతై కారులోనే ఉండేది. ఎంత వేగంతో వెళ్ళాలో అదే తేల్చేది. గుడి ముందు వాహనపూజ ముగిశాక, పంతులుగారు చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల్ని తొక్కిస్తూ ఆమె కారు కదిలించింది.

“అడ్డున్నవాటిని కావాలనే తొక్కించారు. కుర్ర వయసు, నిర్లక్ష్యం. ఇకమీదట గంటకు ముప్పై కిలోమీటర్లే,” అంది బీమా.

“అవి దిష్టికి పెట్టినవే, నీ మొహం మండ!”

“కోపం. ఇరవై.”

లోహితకు ఒళ్ళు మండిపోయింది. అంతలో పంతులుగారు సైకిల్ మీద ఆమెను దాటిపోతూ, “దూకుడు వద్దు తల్లీ, నిదానంగా పోనీ!” అన్నారు.

ఆమె నోరు మూసుకుని పళ్ళు పటపటా కొరికింది.

“పది,” అంది బీమా.