తోడుగాడు

"కత్తి లేదు, మంత్రం లేదు. ఇంక వీడేం వీరుడే?" అన్నాడు రాఘవేంద్ర.

ఆదివారాలు అశోక్ నగర్ హాస్టళ్ళ నుంచి స్నేహితులొచ్చి, చిక్కడపల్లిలో రాఘవేంద్ర వాళ్ళింట్లో తలా ఓ పాత్ర తీసుకుని, పాచికలేస్తూ యోధుల, మాంత్రికుల కథ ఆడుకుంటారు. ఈ వారం ఆటకి చెల్లెలు సింధూర ఓ కొత్తరకం పాత్రను ఊహించింది.

"వీడి పేరు తోడుగాడు. ఎవర్నీ బతికించలేడు అన్నయ్యా. చనిపోతున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. వాళ్ళకిక భయం వెయ్యదు."

"ఇదెలా తట్టింది నీకు?"

"నిన్ను చూసే. అమ్మ పోయిన రోజు నేను స్నానానికని ఇంటికొచ్చేశాను. ఆస్పత్రిలో అమ్మ దగ్గర నువ్వు ఉన్నావు కదా."

రాఘవేంద్ర చేతిలోని పాచికలు కింద పెట్టేశాడు.

"నేనూ లేను సింధూ," అన్నాడు. "మందులు తెమ్మంటే కిందికెళ్ళాను. పైకొచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు."

"అంటే... అమ్మ ఒక్కతే ఉందా?"

అతను తలూపాడు.

సింధూరకు కోపమే వచ్చింది. కానీ నోరు తెరిచేసరికి అది ఏడుపైపోయింది.

"నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

"అమ్మ పోయాక ఈ ఇంట్లో రాత్రిళ్ళు నిద్రపడుతున్నది నీకొక్కదానికే. దాన్ని పాడుచెయ్యబుద్ధి కాలేదు."