దగ్గరి చూపు

“కుడి కన్ను మూసుకో అన్న. ఇప్పుడు చదువు,” అంటూ రూమ్మేట్ రమాకాంత్ చిన్న అక్షరాల కార్డు ఒకటి ఎల్లేష్ చేతిలో పెట్టాడు.

ఎల్లేష్ చదవలేకపోయాడు. అశోక్‌నగర్ హాస్టల్ గదిలో లైటు వేసి చూసినా అంతే. కార్డు మీద చీమల బారు తప్ప ఏమీ కనిపించలేదు.

“సరే, కిటికీలకెళ్లి చూడు. గల్లీ చివర బోర్డు మీద ఏమున్నది?”

“రూములు కిరాయికి ఇవ్వబడును. కింద ఫోన్ నంబర్ గూడ చెప్పాల్నా?”

అదీ సంగతి. దెబ్బ తగిలిన ఎడమ కంట్లో డాక్టర్లు పెట్టిన లెన్సుకు దూరమొక్కటే తెలుసు. దగ్గరిది చూడాలంటే అద్దాలుండాలి. ఇవాళ నారాయణగూడలో మెడికల్ టెస్టు. అక్కడ అద్దాల్లేకుండా ఒక్కో కంటితో చదివి చూపించాలి. రాత పరీక్షా పరుగూ దాటాడు. ఎస్సై ఉద్యోగానికీ తనకూ మధ్య మిగిలింది ఇదొక్కటే.

“పరేషాన్ గాకు అన్న. నోటికొచ్చింది గద?”

రాకేం? రాజ్యాంగాన్నే బట్టీ కొట్టినవాడికి ఈ కాసిన్ని వాక్యాలు ఒక లెక్కా! ఎక్కడైనా డాక్టర్లు చదివించేది ఈ కార్డేనని రమాకాంత్ వాకబు చేసి మరీ సంపాదించాడు.

“గడగడ చెప్పకు. నడుమ నడుమ జర ఆగు. చూసి చదివినట్టుండాలె.”

నారాయణగూడలో పిలుపు రాగానే ఎల్లేష్ వెళ్లి డాక్టర్ కమలాకుమారి ఎదుట కూచున్నాడు. ముందు కుడి కంటితో చదవమని ఆవిడ కార్డు ఇచ్చింది. అదే కార్డు! ప్రాణం లేచొచ్చింది. చక్కగా చదివేశాడు.

“ఇప్పుడు కుడి కన్ను మూసుకో బాబూ.”

అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ కార్డు వెనక్కి తీసుకుంది. సొరుగు చప్పుడైంది. మళ్లీ చేతిలో పెట్టింది. అవే చీమలు.

ఇది తప్పితే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవడికి తెలుసు? అప్పటికి వయసు దాటిపోతుంది.

“తోటలో... పిల్లలు ఆడుకుంటున్నారు,” అని మొదలుపెట్టాడు. ఆగాడు. కన్ను చిట్లించి కార్డును కాస్త వెనక్కి జరిపాడు. “వాన... వచ్చేటట్టుంది. అమ్మ వాళ్లను లోపలికి పిలిచింది.”

ఎడమ నుంచి కుడికి మెల్లగా తల తిప్పుతూ చివరి వాక్యం దాకా లాక్కొచ్చాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

డాక్టరమ్మ ఏమీ రాయలేదు. పెన్నుకు మూత పెట్టి అతని వంకే చూస్తూ కూచుంది.

“ఏమన్న తప్పు చదివిన్నా మేడమ్?”

“లేదు బాబూ, చాలా బాగా చదివావు,” అందావిడ. “కాకపోతే, ఈసారి నేనిచ్చింది ఉర్దూ కార్డు.”