మిద్దె మీంచి పడ్డవాళ్లు

"ముందు ఏయే చోట్ల పాతరలు తీయాలో, చావుల లెక్క చూసే ఈ జాబితా రాశాం పెద్దమ్మా. పోయినేడు మీ ఎడారిలో ఒక్కరూ పోలేదు. మీ దగ్గర మందుపాతరలు తీసే పని ఈ ఏడు కుదరదు," అన్నాడు పార్లమెంటు భద్రతా కమిటీ సభ్యుడు నవాఫ్.

"ఇసుకలో ఊరే కమా దుంపలకు రేపు మా చిన్నోడు అక్కడికే పోతాడయ్యా. మాకు వేరే తిండి లేదు," సబ్రియా బతిమాలింది.

మాట తప్పించడానికి అతను ఆమె తెచ్చిన సంచి విప్పాడు. "అబ్బో, ఇంతింత దుంపలు బాగ్దాదు సంతలోనే లేవే! ఎక్కడివి?"

"మా పెద్దోడు పేలిపోయిన చోటివి. మా చిన్నోడు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టరుగా, బాగా ఊరాయి."

"మరి కాగితాల్లో లేదేం?"

"నిషేధించిన చోటికి పోయాడంటే, తీవ్రవాదుల ఇల్లనుకుని పోలీసులు చిన్నోణ్ణి కూడా పట్టుకుపోతారని, మిద్దె మీంచి పడ్డాడని రాయించాం. పోయినేడు మా ఊళ్లో తొమ్మిదిమంది మిద్దెల మీంచే పడ్డారయ్యా."

చేతిలోని దుంప పేలుతుందేమో అన్నట్టు, నవాఫ్ దాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు.

"చిన్నోడు ఎప్పుడు బయల్దేరతాడు?"

"పొద్దు పొడవకముందే."